లోటు కాలమున లోకాభిప్రాయము

ఇంటిలో రాబడి తగ్గినప్పుడే ఆ ఇంటి యజమాని గుణము బయటపడును. రాబడి సమృద్ధిగా ఉన్న రోజులలో అందరి కోరికలును తీరుచునే ఉండును గనుక, ఎవరిని అడిగినారు, ఎవరిని అడుగలేదు అను ప్రశ్నయే పుట్టదు. చాలీచాలని రోజులలో మాత్రము పిల్లవాని చదువా, ముసలితల్లి మందులా, కోడలి పుట్టినింటి ప్రయాణమా అను తర్జనభర్జన తప్పదు. అప్పుడు ఒక యజమాని ఎవరితోను చెప్పక తానే కత్తిరించివేయును. మరియొకడు అందరిని కూర్చుండబెట్టి "మీరే చెప్పుడు" అనును. కాని అప్పటికే ఏది తగ్గింపవలెనో మనసులో నిశ్చయించుకొనియే ఉండును. మూడవవాడు లెక్కల పుస్తకమును అందరి ముందర తెరచిపెట్టి అడుగును. మొదటివాడు మొండివాడు, రెండవవాడు మాయావి, మూడవవాడు ధర్మజ్ఞుడు. ఊరికిని, నగరమునకును, రాష్ట్రమునకును ఇదే న్యాయము వర్తించును.

ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము ఇది. ప్రభుత్వము వద్ద సొమ్ము చాలనప్పుడు పోలీసు కాపలా, వీధిదీపములు, గ్రంథాలయము, ఆరోగ్యకేంద్రము, వృద్ధుల సంరక్షణ మొదలగు వానిలో దేనిని తగ్గింపవలెనో ఆ చోటి నివాసులను అడుగుట ధర్మమా? అడుగుటయే ధర్మమైనచో ఎట్లు అడుగవలెను? వచ్చిన సమాధానము అధికారులకు నచ్చనప్పుడు కర్తవ్యమేమి? ఇది చూచుటకు కేవలము రాజకీయ ప్రశ్నవలె కనబడును. తరచి చూచినచో సత్యము, అస్తేయము, అహింస, అపరిగ్రహము అను మన అణువ్రతములకు దీనితో చాల దగ్గర చుట్టరికము కలదు.

మన ఆచార్యులు దానమును నాలుగు విధములుగా చెప్పినారు: ఆహారదానము, ఔషధదానము, శాస్త్రదానము, అభయదానము. నేటి పురపాలనమును ఈ దృష్టితో చూచిన యెడల నాలుగును అందులో కనబడును. రేషను దుకాణము, బడిలో మధ్యాహ్న భోజనము మొదటిదానికి చెందినవి. ఆసుపత్రి రెండవది. పాఠశాల, గ్రంథాలయము మూడవది. పోలీసు ఠాణా, రాత్రి గస్తీ, సందు మొగలోని దీపము నాలుగవది. భయము లేకుండ నిద్రించుట, ఆడపిల్ల చీకటి పడిన తరువాత ఇంటికి నిర్భయముగ నడచి వచ్చుట, దుకాణదారు తాళము వేసి మనశ్శాంతితో ఇంటికి పోవుట, ఇవి అన్నియు అభయముయొక్క రూపములే. కాని ఒక్క భేదమును మరువరాదు. దాత తన సొమ్మును ఇచ్చును. ప్రభుత్వము ఇచ్చునది ప్రజలు పన్నుగా కట్టిన సొమ్మే. దాత తన దానమును తగ్గించుకొన్నచో ఎవరిని అడుగ పనిలేదు. ప్రభుత్వము తగ్గించుకొన్నచో సొమ్ముగలవారిని అడుగుట మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

జైన రాజులలో సుప్రసిద్ధుడగు కళింగాధిపతి ఖారవేలుని శాసనము భువనేశ్వరము చెంత ఉదయగిరిపై హాథీగుంఫాలో నేటికిని ఉన్నది. ఒడిశాలో స్థిరపడిన మన తెలుగువారు పలువురు దానిని దర్శించియే ఉందురు. క్రీస్తుకు పూర్వపు ఆ రాజు తన ఏలుబడిలోని పనులను ఏడాది వెంట ఏడాదిగా రాతిపై చెక్కించినాడు. మొదటి ఏట తుఫానుచే చెడిన నగర ద్వారములను, ప్రాకారమును, చెరువు గట్లను, తోటలను ముప్పదియైదు లక్షల వ్యయముతో బాగుచేయించి ప్రజలను సంతోషపెట్టెనని అందున్నది. ఆరవ ఏట పన్నులను విడిచి పౌరజానపదులకు అనుగ్రహములు చేసెనని పండితులు చదివినారు. ఆ పౌరజానపదములు నగర గ్రామ ప్రతినిధి సభలే అని కాశీప్రసాద్ జయస్వాల్ గారు వాదించినారు. నగరవాసులు, పల్లెవాసులు అను సామాన్యార్థమే చాలునని మరికొందరు అన్నారు. ఆ వాదము ఎటు తేలినను మనకు కావలసిన పాఠము ఒకటి మిగులును. ద్వారము, ప్రాకారము అభయమునకు. చెరువు, తోట సేవలకు. రెండును ఒకే ఏట, ఒకే లెక్కలో ఉన్నవి. ఆ లెక్కను రాజు తన పెట్టెలో దాచుకొనక అందరును చూచు కొండపై చెక్కించినాడు. లెక్క చెప్పుట అడుగుటకు మొదటి మెట్టు.

ఆధునిక కాలములో ఈ ప్రశ్న మిక్కిలి స్పష్టముగా పరీక్షకు వచ్చిన దేశము ఇంగ్లండు. 1981 ఏప్రిల్‌లో లండన్ నగరములోని బ్రిక్స్‌టన్ పేటలో పోలీసులు దొంగతనములను అరికట్టుటకై కొద్ది రోజులలోనే తొమ్మిది వందలకు పైగా మనుష్యులను వీధిలో ఆపి సోదా చేసినారు. ఆపబడినవారిలో నల్లజాతి యువకులే ఎక్కువ. ఆ పేట పెద్దలతో ముందుగా ఒక్క మాటయైనను అనలేదు. వెంటనే పెద్ద అల్లర్లు చెలరేగినవి. దానిపై విచారణ జరిపిన స్కార్మన్ ప్రభువు అదే ఏడాది నవంబరులో ఇచ్చిన నివేదికలో, స్థానికులతో సంప్రదింపు లేకపోవుటను ఒక ముఖ్య లోపముగా ఎత్తి చూపినాడు. తత్ఫలితముగా, ఆయా ప్రాంతముల ప్రజల అభిప్రాయములను తెలిసికొను ఏర్పాటు పోలీసువారికి ఉండితీరవలెనని 1984లో శాసనము వచ్చినది; 1996 నాటి పోలీసు చట్టములోను ఆ నియమము నిలిచినది. కాపలా కాయువాడు ఎవరి ఇంటికి కాపలా కాయుచున్నాడో వారితో మాటాడవలెనను చిన్న సత్యమును గ్రహించుటకు ఆ దేశమునకు ఒక పేట తగులబడవలసి వచ్చినది.

తరువాత లోటు కాలము వచ్చినది. 2008 నాటి ఆర్థిక సంక్షోభము పిమ్మట, 2010 అక్టోబరులో ఆ దేశ ప్రభుత్వము పోలీసులకు కేంద్రమునుండి ఇచ్చు గ్రాంటును నాలుగేండ్లలో వాస్తవ విలువలో నూటికి 20 వంతులు తగ్గింప నిశ్చయించినది. 2010 మార్చిలో ఇంగ్లండు, వేల్సులలో సుమారు 1,43,700 మంది పోలీసులు ఉండగా, 2018 మార్చి నాటికి సుమారు 1,22,400 మంది మిగిలినారు. ఇంతలో 2011 నాటి చట్టము ప్రకారము లండన్ తప్ప తక్కిన ప్రతి పోలీసు ప్రాంతమునకును ప్రజలెన్నుకొను ఒక కమిషనరు పదవిని కల్పించినారు. స్థానికుల గొంతు వినుటయు, స్థానిక పన్నులో పోలీసు భాగమును నిర్ణయించుటయు ఆ పదవి పనులు. 2012 నవంబరు 15న జరిగిన మొదటి ఎన్నికలో ఓటు వేసినవారు నూటికి 15 మందియే. తమ గొంతు వినిపించుటకై ఏర్పడిన పదవికే నూటికి ఎనుబదియైదుగురు గడప దాటలేదు. ఆ పదవులను 2028లో రద్దు చేయుదుమని 2025 నవంబరులో ప్రభుత్వము ప్రకటించినది.

ఆ కాలములోనే బెడ్‌ఫర్డ్‌షైర్ అను చిన్న జిల్లాలో ఒక విశేషము జరిగినది. అక్కడి కమిషనరు, పోలీసుల సంఖ్య ప్రమాదకరముగా తగ్గినదని చెప్పి, స్థానిక పన్నులో పోలీసు భాగమును నూటికి 15.8 వంతులు పెంచి నూరుగురు కొత్త పోలీసులను చేర్చుకొందునని ప్రతిపాదించినాడు. నూటికి రెండు వంతులను మించి పెంచవలెనన్న ప్రజల ఓటు తీసికొనవలెనని అప్పటి నియమము. 2015 మే 7న, పార్లమెంటు ఎన్నికల నాడే, ఈ ఓటు జరిగినది. పెంపును సమ్మతించినవారు 91,086, వలదన్నవారు 2,07,551. అనగా పదింట ఏడుగురు కాదన్నారు.

దీనిని ఎట్లు అర్థము చేసికొనవలెను? ఒక నయమునుండి చూచినచో ప్రజలు తమకు పోలీసు అక్కరలేదన్నారు. మరియొక నయమునుండి చూచినచో, కేంద్రము తీసివేసిన సొమ్మును మేమేల మరల ఇయ్యవలెనన్నారు. ఇంకొక నయము ప్రకారము, ఆ నూరుగురు పోలీసులు తమ వీధికి వత్తురన్న నమ్మకము వారికి లేదు. వేరొక దృష్టిలో, జీతములు పెరుగని కాలములో ఏ పెంపునైనను వారు కాదనియే ఉందురు. ఓటు పెట్టెలో "అవును", "కాదు" అను రెండే మాటలు పట్టును. ఆ రెండింటి వెనుక ఉన్న పది కారణములు పట్టవు. అందుచేత ఓటు లెక్కించుట వేరు, అభిప్రాయము తెలిసికొనుట వేరు. మొదటిది ఒక్క సాయంకాలములో ముగియును. రెండవదానికి వీధి వీధి తిరిగి కూర్చుండి వినవలెను. అయినను ఆ కమిషనరు చేసిన పనిలో ఒక గౌరవము ఉన్నది: ఎంత సొమ్ము, ఎందరు పోలీసులు అను అంకెలు ముందు పెట్టి అడిగినాడు, ఓడిపోయి ఆ సమాధానమునకు కట్టుబడినాడు.

దీనికి ప్రతిగా మరియొక ఉదాహరణము. లండన్‌లోని హారింగే పురపాలక సంఘమువారు 2012లో బీదలకు స్థానిక పన్నులో ఇచ్చుచున్న రాయితీని తగ్గించుటపై నివాసుల అభిప్రాయము కోరినారు. కేంద్రమునుండి వచ్చు సొమ్ము తగ్గినది గనుక రాయితీ తగ్గింపక తప్పదను అర్థము వచ్చునట్లు ఆ పత్రమును వ్రాసినారు. నిజమునకు వేరు మార్గములు కలవు: పన్నును కొంచెము పెంచవచ్చును, ఇతర సేవలలో తగ్గింపవచ్చును, నిలువ నిధినుండి తీయవచ్చును. ఈ మార్గములను తాము ఏల వలదనుకొన్నారో పత్రములో చెప్పలేదు. 2014 అక్టోబరులో ఆ దేశ సుప్రీంకోర్టు ఈ సంప్రదింపు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పినది. 1985 నాటి మరియొక వ్యాజ్యములో రూపొందిన నాలుగు సూత్రములను ఆ తీర్పు స్థిరపరచినది. నిర్ణయము ఇంకను పచ్చిగా ఉన్నప్పుడే అడుగవలెను; ఆలోచించి బదులు చెప్పుటకు చాలినన్ని కారణములు తెలుపవలెను; చాలినంత వ్యవధి ఇయ్యవలెను; వచ్చిన మాటలను మనస్సాక్షిగా పరిశీలింపవలెను. న్యాయవాదులు కోర్టులో చెప్పిన ఈ నాలుగు మాటలను మన శ్రావకాచారములోని భాషలో చెప్పవలెనన్న కష్టము లేదు.

మొదట సత్యవ్రతమును చూతము. అబద్ధమనగా లేనిది ఉన్నదని చెప్పుట మాత్రమే కాదు. ఉన్నదానిని లేనట్లు కప్పిపుచ్చుటయు అబద్ధమే. నాలుగు దారులు ఉండగా ఒక్కటే దారి అని చూపి "ఇటు పోదుమా?" అని అడుగుట సత్యము కాదు. పత్రములోని ప్రతి వాక్యమును విడివిడిగా నిజమే కావచ్చును. మొత్తము మాత్రము అసత్యము.

రెండవది అస్తేయవ్రతము. మన శాస్త్రములో దొంగతనమునకు ఇచ్చిన పేరు అదత్తాదానము, అనగా ఇయ్యబడనిదానిని తీసికొనుట. ఈ నిర్వచనము ఎంత విశాలమో ఆలోచింపవలెను. సొమ్ము మాత్రమే కాదు, ఇతరుని సమ్మతిని అతడు ఇయ్యకుండగనే తీసికొన్నను అదత్తాదానమే. నిర్ణయము ముందే చేసి, పిమ్మట సభ జరిపి, సంతకముల పుస్తకము తిప్పి, "ప్రజలను సంప్రదించి చేసితిమి" అని నివేదికలో వ్రాసికొను అధికారి ఆ ప్రజలవద్ద ఏమి తీసికొన్నాడు? వారి నోటినుండి రాని "సరే" అను మాటను తీసికొన్నాడు. ఆ మాటను కవచముగా ధరించి, రేపు ఆరోగ్యకేంద్రము మూతపడినప్పుడు "మీరే ఒప్పుకొన్నారు గదా" అనును. సేవను పోగొట్టుకొన్నవాడు నిందను కూడ మోయవలసి వచ్చును. అడుగకుండ కత్తిరించినవాని కంటె అడిగినట్లు నటించి కత్తిరించినవాని దోషము ఎక్కువ అనుటకు కారణము ఇదే. మొదటివాడు ఒక వస్తువును, రెండవవాడు రెండింటిని తీసికొన్నాడు.

మూడవది అనేకాంతము. ఏనుగును తడవిన అంధుల కథ మన పిల్లలకు కూడ తెలియును. ఊరి క్షేమమును గూర్చిన విషయములో ఈ కథ అక్షరాల నిజము. దుకాణదారునకు పగటి దొంగలు కనబడుదురు. రాత్రి బస్సు దిగు నర్సుకు దీపము లేని సందు కనబడును. తల్లికి బడి ముందర వేగముగా పోవు లారీ కనబడును. ఠాణా అధికారికి మూడు పనులకు ఒక్క కానిస్టేబులు కనబడును. ధనాధికారికి ఖాళీ ఖజానా కనబడును. వీరిలో ఎవరును అబద్ధము చెప్పుటలేదు. ఎవరును పూర్తి నిజము చెప్పుటలేదు. "ఒక దృష్టిలో ఇట్లు" అని చెప్పుకొను వినయము స్యాద్వాదము. కాని అనేకాంతమును చాలమంది తప్పుగ అర్థము చేసికొందురు. అందరి మాటయు నిజమే గనుక ఏదియు తేల్చనక్కరలేదని దాని అర్థము కాదు. ఏనుగు అంధుల ఓట్లచే నిర్ణయింపబడు జంతువు కాదు. తొండము పట్టినవారు నలుగురు, తోక పట్టినవాడు ఒకడు అయినంత మాత్రమున ఏనుగు తొండము మాత్రమే కాదు. అందరి మాటలను చేర్చి ఏనుగును గుర్తించు పని ఒకరు చేయవలెను. ఆ పనియే పరిపాలన. నివాసులను అడుగుట పాలకుని బాధ్యతను తొలగింపదు. దానిని నెరవేర్చుటకు కన్నులు ఇచ్చును.

నాలుగవది అహింస. ఇక్కడ మన ధర్మము ప్రపంచమునకు చెప్పవలసిన మాట విశేషముగా ఉన్నదని తలంచుచున్నాను. జైనుడు నడచునప్పుడు, నీరు త్రాగునప్పుడు, దీపము వెలిగించునప్పుడు నోరులేని, కన్నులేని ఏకేంద్రియ జీవులను కూడ లెక్కలోనికి తీసికొనును. అవి ఫిర్యాదు చేయవు గనుక వాటికి బాధ లేదని అనడు. ఈ అభ్యాసమును పౌరసభకు తీసికొని పోవలెను. సాయంకాలము అయిదు గంటలకు టౌనుహాలులో సభ పెట్టినచో ఎవరు వత్తురు? తీరిక గలవారు, మాటకారులు, ముందు వరుస కుర్చీలకు అలవాటుపడినవారు. కూలిపనినుండి ఇంకను తిరిగిరాని వలస కార్మికుడు రాడు. మంచము పట్టిన ముసలివారు రారు. భర్త చేతి దెబ్బలు తినుచున్న ఇల్లాలు రాదు. వచ్చినను నలుగురిలో నోరు విప్పదు. పోలీసు సేవయు, సంరక్షణ సేవయు ఎక్కువ కావలసినవారు వీరే. కత్తిరింపు దెబ్బ తగులువారు సభలో లేరు. ఉన్నవారి ఓటుతో కత్తిరింపు జరిగిపోవును. కావున సభకు వచ్చినవారిని వినుట సగము పని. రానివారి వద్దకు పోవుట తక్కిన సగము.

ఈ విషయమున మనవంటి వారికి స్వానుభవము చాల కలదు. కర్ణాటకలోనో, తమిళనాటనో, మహారాష్ట్రములోనో, ఒడిశాలోనో తరతరములుగా స్థిరపడిన తెలుగువారు భాషచే కొద్దిమంది. అందులో జైనులమగు మనము మతముచేతను కొద్దిమందిమి; 2011 జనాభా లెక్కలలో దేశము మొత్తముమీద జైనులు 44.5 లక్షలు, అనగా వేయింటికి నలుగురైనను నిండరు. సంఖ్యచే తేలు ప్రతి ప్రశ్నలోను మనము ఓడిపోవుదుము. ప్రకటన మనము చదువలేని లిపిలో గోడకు అంటించినచో మనలో ముసలివారికి సభ జరిగిన సంగతియే తెలియదు. రాజ్యాంగములోని 350వ అధికరణము తన కష్టనివారణకై ప్రతి మనిషియు కేంద్రములోగాని, రాష్ట్రములోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నపము చేసికొనవచ్చునని హక్కు ఇచ్చినది. విన్నపము మన భాషలో ఇయ్యవచ్చునన్నచో, అడుగుట కూడ మన భాషలో ఉండుట న్యాయము గదా! అయితే ఈ వాదము మన కొరకు మాత్రమే చేసినచో అది స్వార్థము. మన పేటలోనే బిహారునుండి, బెంగాలునుండి వచ్చిన పనివారు ఉన్నారు. మనకు ఇతరులు చేయవలెనని కోరినది మనము వారికి చేయవలెను.

అయిదవది అపరిగ్రహము. ఇంతవరకు పాలకుల ధర్మము చెప్పితిమి. నివాసుల ధర్మము కూడ కలదు. అడుగగానే ప్రతివాడును తన వీధికి పోలీసు, తన వీధికి దీపము, తన వీధికి పంపు కోరును; పన్ను మాత్రము పక్కవీధివాడు కట్టవలెననును. అవసరమునకు మించి కూడబెట్టుట పరిగ్రహమైనచో, కొరతనాడు ఊరి సేవలను తన గడపకు లాగికొనుట కూడ పరిగ్రహమే. సంపన్నుల కాలనీకి గేటు, కావలివాడు, కెమేరా అన్నియు సొంతముగ ఉండగా, ఇంకను గస్తీ బండి అక్కడనే తిరుగవలెనని ఒత్తిడి చేయుట ఎక్కడి న్యాయము? "నాకు ఏమి కావలెను" అను ప్రశ్నకు బదులు "నేను దేనిని విడువగలను" అను ప్రశ్నతో సభకు పోవు శ్రావకుడు పదిమందిలో ఒకడున్నను ఆ సభ స్వరూపమే మారిపోవును. సర్వోదయమను మాటను మన సమంతభద్రాచార్యులు శతాబ్దముల క్రితమే వాడినారు. సర్వుల ఉదయములో పక్కవీధి కూడ చేరి ఉన్నది.

ఇక ఆక్షేపణలు. ప్రజలకు పోలీసు విద్య తెలియదు, నిపుణులే నిర్ణయింపవలెనని కొందరందురు. వైద్యుడు మందు నిర్ణయించును, నిజమే. కాని నొప్పి ఎక్కడనో రోగియే చెప్పవలెను. అడుగుటకు కూడ ఖర్చగును గదా, లోటు కాలములో ఆ ఖర్చేల అని మరికొందరందురు. అడుగక చేసిన తప్పును సరిదిద్దు ఖర్చు దానికంటె పెద్దది. ఇంగ్లండులో తగ్గించిన పోలీసులను మరల చేర్చుకొనుటకు 2019లో 20,000 మంది నియామకమును ప్రకటించి, 2023 మార్చి నాటికి ఆ సంఖ్యను పూర్తి చేసినారు. పోయిన అనుభవజ్ఞులకు బదులు వచ్చినవారు కొత్తవారు. మూడవ ఆక్షేపణ బలమైనది: ప్రజలు భయములో కఠినముగ మాటాడుదురు, బలహీనులపై లాఠీ కోరుదురు. ఇది నిజము. అందుకే అడుగుటకు ఒక గట్టు ఉండవలెను. ఎంత సొమ్ము, ఏ సేవ, ఏ క్రమము అని అడుగవచ్చును. ఒకని ప్రాణము, మానము, న్యాయము ఓటుకు పెట్టరాదు. అభయదానము ఒకనికి భయమిచ్చి మరియొకనికి కొనిపెట్టునది కాదు.

మన దేశములో పోలీసు రాష్ట్రముల చేతిలోని విషయము. పురపాలక సేవలు వేరొకరివి. ఈ రెండింటికి నడుమ నివాసి నిలుచును. అయినను మంచి దృష్టాంతములు లేకపోలేదు. 1984లో మతకలహములచే నలిగిన మహారాష్ట్రలోని భివండీ పట్టణములో 1988 ప్రాంతమున సురేష్ ఖోప్డే అను పోలీసు అధికారి మొహల్లా కమిటీలను ఏర్పాటు చేసి, రెండు మతములవారిని ఠాణావారితో తరచుగ కూర్చుండబెట్టినాడు. 1992-93లో పొరుగున ముంబయి మండిపోవునప్పుడు భివండీ శాంతముగ ఉన్నది. దీనికి కొత్త ఆయుధములు అక్కరలేకపోయినవి. 2008లో కేరళలో ఆరంభమైన జనమైత్రి పథకములో బీటు పోలీసు ఇంటింటికి పోయి పరిచయము చేసికొనును. సొమ్ము విషయములో, బ్రెజిల్ దేశపు పోర్తో అలెగ్రే నగరము 1989లో చూపిన దారిని అనుసరించి, 2006 నుండి పూనా నగరములో పేటల పనులను నివాసులే సూచించు పద్ధతి వచ్చినది.

హెచ్చరిక కూడ ఒకటి కలదు. 1993లో రామనాథపురము జిల్లాలో పుట్టిన పోలీసు మిత్రుల సంఘము సదుద్దేశముతోనే పుట్టినది. కాని 2020 జూన్‌లో సాత్తాన్‌కుళములో తండ్రీకొడుకులు పోలీసు నిర్బంధములో హింసకు గురియై మరణించిన పిమ్మట ఆ మిత్రుల పాత్రపై ఆరోపణలు రాగా, జూలైలో తమిళనాడు ప్రభుత్వము ఆ సంఘమును నిషేధించినది. సిబ్బంది చాలనప్పుడు పౌరుని సలహా అడుగుట వేరు. పౌరుని చేతికి జీతము లేని లాఠీ ఇచ్చుట వేరు. మొదటిది సంప్రదింపు. రెండవది బాధ్యత లేని అధికారము.

సలహా చెప్పుటకు చోటే లేనప్పుడు ఈ మాటలన్నియు వ్యర్థములు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణములలో వార్డు కమిటీలు ఉండవలెనన్నది. కాని పుదుచ్చేరిలో, అందు మన యానాములోను, 1968 తరువాత పురపాలక ఎన్నికలు మరల జరిగినది 2006లో. బెంగుళూరులో 2020 సెప్టెంబరులోను, ముంబయిలో 2022 మార్చిలోను నగరసభల గడువు ముగిసి, ఏండ్ల తరబడి అధికారులే పాలించినారు. కార్పొరేటరు లేని పేటలో దీపము ఆరినచో ఎవరిని అడుగవలెను? ఆ కాలములలో మనలో ఎందరు ఎన్నికలు కోరుచు ఒక విన్నపమైనను వ్రాసినారో ఎవరికి వారు ఆలోచించుకొనవలెను.

తుదకు ఒక మాట మన సంఘములను గూర్చియు చెప్పవలెను. వసతి గృహము, వైద్య సహాయ నిధి, విద్యార్థి వేతనములు, పింజరాపోలు, ఇవి మన చిన్న ప్రభుత్వములు. చందాలు తగ్గిన ఏట కార్యవర్గము ఏమి చేయుచున్నది? పెద్దలు నలుగురు గదిలో కూర్చుండి విద్యార్థి వేతనములు తగ్గించి, ఉత్సవపు పందిరి ఖర్చును యథాతథముగ ఉంచినచో, పురపాలకులను విమర్శించు అర్హత మనకు ఎక్కడిది? లెక్కలను ముందుగ అచ్చువేయించి పంచవలెను. వసతి గృహములోని విద్యార్థిని, సహాయము పొందు వితంతువును, నెలకు పది రూపాయలిచ్చు సభ్యుని కూడ అడుగవలెను. అన్ని దారులను చెప్పవలెను. వారి మాటను ఎంతవరకు స్వీకరించితిమో, స్వీకరింపనిచో ఏలనో బదులు వ్రాయవలెను. ఏడాది తిరిగిన పిమ్మట ఆ నిర్ణయమువలన ఎవరికి నష్టము కలిగినదో మరల విచారింపవలెను. సంవత్సరాంతమున మనము ప్రతిక్రమణము చేసి అందరిని క్షమాపణ కోరుచున్నాము. ఆ క్షమాపణ వ్యక్తికి మాత్రమే గాక సంస్థకు కూడ వర్తించును. తన నిర్ణయముచే నష్టపోయినవానిని పేరు పెట్టి పిలిచి, "నీ మాట వింటిమి, అయినను ఇట్లు చేయవలసి వచ్చినది, కారణము ఇది" అని చెప్పగల కార్యవర్గము ఉన్న సంఘములో లోటు ఉన్నను ద్వేషము ఉండదు.

జీవులు ఒకరికొకరు ఉపకరించుకొనుటకే ఉన్నవని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో బోధించినారు. ఉపకారము చేయవలెనన్న ఎదుటివానికి ఏమి కావలెనో తెలియవలెను, తెలియవలెనన్న అడుగవలెను, అడిగినచో వినవలెను. సొమ్ము ఉన్ననాడు ఈ క్రమము తప్పినను కొంత నడచిపోవును. సొమ్ము లేనినాడు ఈ క్రమమే మనకు మిగిలిన ధనము. రానున్న సర్వసభ్య సమావేశమున మన సంఘ సభ్యులు ఈ విషయమును చర్చించి, మన లెక్కల పుస్తకమును అందరి ముందర తెరచుటతో ఈ పనికి శ్రీకారము చుట్టుదురుగాక.